పన్నుకైతే సరుకు, కొన్నవాడికైతే లైసెన్సు

పాత అల్వాల్‌లో శుభలేఖలు, బ్యానర్లు చేసే ఓ చిన్న డీటీపీ షాపు ఉంది. 'లైఫ్‌టైమ్' అని బిల్లు మీద రాసి మరీ అమ్మిన ప్యాకేజీ అక్కడ కొత్త కంప్యూటర్లో తెరుచుకోనంది. మళ్లీ కొనాలట, పైగా ఇకనుంచి ఏటా కట్టాలట. పాత ఫైళ్లన్నీ అందులోనే చిక్కుకున్నాయి. ఫోన్ చేస్తే జవాబు: 'మీరు కొన్నది సాఫ్ట్‌వేర్ కాదండీ, లైసెన్సు. షరతులు ఒప్పుకున్నారు కదా.'

సలహాలిచ్చే పెద్దలదీ ఇదే పాట. చదవకుండా 'ఐ అగ్రీ' నొక్కడం మన తప్పేనట. చదివితే మాత్రం ఒక్క షరతైనా కొట్టేయనిస్తారా?

2004 నవంబరు 5న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏం చెప్పిందో వీళ్లెవరూ చెప్పరు. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కూ మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ నడిచిన కేసది. రెడీమేడ్‌గా అమ్మే సాఫ్ట్‌వేర్ సరుకేనని, అమ్మకం పన్ను కట్టాల్సిందేనని తీర్పు. సరుకు కాదని వాదించింది కంపెనీ. పదిహేడేళ్లు తిరక్కుండానే, 2021 మార్చి 2న సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన మరో కేసులో, కంపెనీలూ పంపిణీదారులూ మాట మార్చారు: సాఫ్ట్‌వేర్‌కు కట్టే సొమ్ము రాయల్టీ కాదు, సరుకు ధరేనన్నారు. అక్కడ తప్పించుకోవాల్సింది ఆదాయపు పన్ను మరి. ఒప్పందానికి లైసెన్సని పేరు పెట్టినంత మాత్రాన అమ్మకం కాకుండా పోదని కోర్టు వాళ్లనే గెలిపించింది. కోర్టులో సరుకని గెలిచి, అల్వాల్ షాపులో లైసెన్సంటారా?

అవి పన్ను కేసులు కదా అంటారు. నిజమే. సర్వర్లు నడిపి నెలనెలా సేవ అందించేవాళ్లు నెలనెలా అడగొచ్చు, కాదనను. కానీ షాపాయన కొన్నది సేవ కాదు. 2004 తీర్పు ప్రకారం సరుకు. సరుకైతే 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం వర్తించాలి. అమ్మేసిన కుర్చీకి దుకాణదారు తాళం వేస్తే ఊరుకుంటామా?

2023లో కేంద్రం కొనేవాళ్లను మభ్యపెట్టే 13 రకాల ఎత్తుగడల ('డార్క్ ప్యాటర్న్స్') జాబితా ఇచ్చి చేతులు దులుపుకుంది. అమ్మేశాక తాళం వేసే అలవాటుకు అందులో పేరే లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అన్యాయపు ఒప్పందాన్ని రద్దు చేసే దారుంది గానీ, ఆ అధికారం జిల్లా కమిషన్‌కు ఇవ్వలేదు. కొన్ని వేల రూపాయల ప్యాకేజీ కోసం చిన్న షాపువాడు రాష్ట్ర కమిషన్ మెట్లెక్కాలి! ఈ ఏర్పాటు ఎవరికి మేలు చేయడానికో వేరే చెప్పాలా?

'వ్యాపారానికి కొన్నావు, నువ్వు వినియోగదారుడివే కాదు' అని బెదిరిస్తే బెదరకండి. బతుకుతెరువు కోసం సొంతంగా షాపు నడుపుకునేవారిని ఆ చట్టం వినియోగదారులుగానే చూస్తుంది. లైఫ్‌టైమ్ అని రాసిన బిల్లు పారేయకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఫిర్యాదులో మొదటి వాక్యంగా 2004 తీర్పునే రాయండి. ఆ తీర్పు గెలిచి పన్ను వసూలు చేసుకున్నది మన ప్రభుత్వమే. సరుకన్న ఆ మాట ఇప్పుడు కొన్నవాడి తరఫున కూడా అనాలి.