కన్నీటి పొరకు తాకని పరీక్ష

ఇస్లాంపేట, తారాపేట ఇండ్లలో కుట్టుపనిపైనో, ఫోనుపైనో గంటల తరబడి చూపు నిలిపేవారు కళ్ళు మండగానే కళ్ళజోడు మార్చుకుంటారు. కాని లోపం చూపులో గాక కన్నీటి పొరలో ఉండవచ్చు.

పాత పద్ధతిలో కింది రెప్పలో కాగితపు పట్టీని 5 నిమిషాలుంచి, ఎంత తడిసిందో కొలుస్తారు. ఆ స్పర్శకే కన్ను చెమర్చి కొలత మారిపోవచ్చు. అందుకే నేడు కంటిపై వెలుగు వలయాలను ప్రసరింపజేస్తారు. రెప్ప వేసి తెరిచాక ఆ ప్రతిబింబం ఎన్ని సెకన్లకు చెదిరిందో కెమెరా గమనిస్తుంది. మంట, గరగరలకు తోడు 10 సెకన్లలోపే చెదిరితే పొడికన్నుగా భావిస్తారు. కంటిని ఏదీ తాకదు, నొప్పి ఉండదు.

సోదరీ సోదరులారా! మందుల షాపులో తోచిన చుక్కలు కొని వేసుకోకండి. నగరాన్ని ఆనుకొని తాడిగడపలోనే ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉంది. నేత్రవైద్యుని కలిసి, కన్నీటి పొరను పరీక్షించమని అడగండి. కన్ను మనకు అప్పగించబడిన అమానతు.