అద్దెయింటివాని వోటు

న్యూయార్కు నగరమునకు 2025 నవంబరు 4వ తేదీని జరిగిన మేయరు ఎన్నికను గూర్చి మా అశ్వారావుపేట టీకొట్టు బల్లలమీద జరిగిన చర్చకు లెక్కలేదు. మా ప్రాంతపు పిల్లలు కొందఱు అమెరికాలో నున్నారు గనుక ఆ దేశపు వార్త మాకు పొరుగూరి వార్తయై కూర్చున్నది. గెలిచిన జొహ్రాన్ మమ్‌దానీ తల్లి మన దేశపు చలనచిత్ర దర్శకురాలు మీరా నాయర్ అనియు, ఆతని మతమేమనియు వాదించుకొనిరే గాని, ఆతడు ఏ మాట పట్టుకొని గెలిచెనో ఆ మాట నెవ్వరును తలపెట్టలేదు. అద్దె పెరుగనీయననుటయే ఆ మాట.

ఆ నగరమున ఇంచుమించు పదిలక్షల వాటాలకు అద్దె యజమాని యిష్టము చొప్పున పెరుగదు. మేయరు నియమించు తొమ్మండుగురు సభ్యుల మండలి యొకటి ఏటేట ఎంత పెంచవచ్చునో నిర్ణయించును. 2015, 2016 సంవత్సరములలో ఏడాది ఒప్పందములకు ఒక్క సెంటైనను పెంచరాదని ఆ మండలియే తీర్మానించినది. అద్దె బిగబట్టినచో యజమానులు మరమ్మతులు మానుదురనియు, క్రొత్తయిండ్లు కట్టువారు వెనుదీయుదురనియు ఆక్షేపించువారు అచ్చట గలరు. ఆ యాక్షేపణ త్రోసివేయదగినది కాదు. నేనడుగున దొక్కటే: ఆ వాదమైనను మనలో ఏల పుట్టలేదు?

మన పార్టీలకు ఇండ్లపై ప్రేమ లేదని ఎవ్వడు ననలేడు. 2007లో రాజీవ్ స్వగృహ. 2015లో రెండు పడకగదుల యిండ్లు. 2024 మార్చి 11న మా ప్రక్కనున్న భద్రాచలముననే ఆరంభించిన ఇందిరమ్మ యిండ్లు. సొంత స్థలము గలవానికి అయిదులక్షల సాయము. పాకయున్నచోట గోడలు లేచిన సంతోషింపనివాడు మనుష్యుడు కాడు. కొల్లూరులో 15,660 ఇండ్ల ప్రాంగణమును 2023 జూన్ 22న తెఱచిరి. శాసనసభ యెన్నికలు ఆ నవంబరులోనే వచ్చినవి. ముహూర్తము చూచుటలో మన నాయకులు పురోహితులను మించినవారు. ఏ పార్టీవారైనను కట్టియిచ్చు ఇంటినే చూపుదురు. ఇంటి గోడకు నాయకుని పేరు వ్రాయవచ్చును. అద్దెచీటికి వ్రాయుట కుదరదు గదా!

నాయొద్ద చదువుకొన్న కోయపిల్లవా డొకడు హైదరాబాదున గిడ్డంగిలో పనిచేయుచున్నాడు. సంక్రాంతికి వచ్చి తన గది కథ చెప్పినాడు. మొదటి యింటివారు గది చూపి, కొళాయి చూపి, కడపట "మీరేమిటోళ్లు?" అని యడిగిరట. చెప్పినంతనే ఆ గది వారి మేనల్లునికి కావలసివచ్చినది. రెండవచోట మాంసము వండరాదన్నారు. మూడవచోట దొరికినది, మూడునెలల అద్దె ముందుగా చెల్లించి చేరినాడు. పదునొకండు నెలలు తిరుగగనే వేయిరూపాయలు పెంచిరి, లేదా ఖాళీ చేయుమనిరి. చీటి వ్రాసి యియ్యలేదు. "గోడకు మేకు కొట్టినందుకు అయిదువందలు పట్టుకొన్నారు, మాస్టరుగారూ" అని నవ్వినాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

చట్టము లేదా? 1960 నాటి అద్దె నియంత్రణ చట్ట మున్నది. 2005 నాటి సవరణచే మునిసిపల్ కార్పొరేషనులలో నెలకు 3,500 రూపాయలు మించిన అద్దెకు అది వర్తింపకుండ బోయినది. ఆ ధరకు హైదరాబాదున నేడు కోళ్లగూడైనను దొరకునా? 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గము నమూనా చట్టము నొకదాని నామోదించి రాష్ట్రములకు పంపినది. నివాసపు టింటికి రెండునెలల అద్దెకు మించి ముందుగా పుచ్చుకొనరాదని అందున్నది. దానిని గూర్చి ఏ యెన్నికల సభలోను నేనొక్క మాట వినలేదు.

కారణము వెదుక దూరము పోనక్కరలేదు. ఆ పిల్లవాని వోటు అశ్వారావుపేటలో నున్నది. ఎన్నికల నాడు ఛార్జీలిచ్చి పిలిపించుకొందురు. వచ్చి వేసి రాత్రి బస్సుకు పోవును. ఆతని అద్దెతో మా శాసనసభ్యునికి పనిలేదు. ఆతడు తన వోటరు కాడు గనుక హైదరాబాదు సభ్యునికి ఆతనితోనే పనిలేదు. 2023 ఎన్నికలలో హైదరాబాదు జిల్లాలో సగముమందియైనను వోటు వేయలేదని పట్టణవాసుల సోమరితనమును పత్రికలు తిట్టిపోసినవి. ఆ నగరమును మోయుచున్నవారిలో ఎందరి పేర్లు అచ్చటి జాబితాలోనే లేవో ఆ తిట్టినవారు విచారించిరా?

1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము ఎవడెచ్చట మామూలుగా నివసించునో అచ్చటనే వోటరనుచున్నది. ఊరిలో ఇల్లున్నంత మాత్రమున అది నివాసము కాదనియు స్పష్టముగా చెప్పుచున్నది. అయినను "ఊరి వోటు తీసివేయించుకొనకుము, రేషను పోవును, పేరు పోవును" అని పిల్లలకు బోధించువారు మన పెద్దలే. పదేండ్లుగా ఆ బోధ చేసినవారిలో నేనును ఒకడను. ఒక్కొక్క కుటుంబపు నాలుగు వోట్లు చెదరిన ఊరిలో మన మాట చెల్లదను భయమే దాని వెనుక నున్నది. పిల్లవాని క్షేమము కాదు.

కనుమనాడు ఆతనిని కూర్చుండబెట్టి, నివాసము మార్చుకొనువారు నింపవలసిన 8వ నంబరు ఫారమును ఇద్దరము కలిసి నింపితిమి. నివాసమునకు సాక్ష్యము జతచేయవలసిన చోట ఆగిపోయినాము. అద్దెచీటి వ్రాసియిమ్మని యజమానిని అడుగుటకు ఆతడు జంకుచున్నాడు. అడిగిన గది పోవునేమోనని.