గబ్బిలం నెత్తుటిలో నల్లని రేణువులు

దీపాలు పెట్టే వేళకు మర్రిమీది పెద్ద గబ్బిలాలు ఒక్కుమ్మడిగా లేస్తాయి. వాటిని చూసి, "ఇవే చలిజ్వరం మోసుకొచ్చేది, ఆ చెట్టు కొట్టించండి" అనేవారు మన కర్ఖేలి వంటి ఊళ్లలో లేకపోలేదు. 2018లో కేరళలో నిపా వచ్చిన తరువాత గబ్బిలమంటే భయం మరీ పెరిగింది. గొడ్డలి ఎత్తేముందు ఒక్కమాట వినమని మా మనవి.

అనుమానం ఊరికే పుట్టలేదు. మన రైలు చేరే సికింద్రాబాదు చెంత, బేగంపేటలో, 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ పొట్టగోడలో మలేరియా జీవిని గుర్తుపట్టాడు. ఆనవాలు దాని ఒంట్లోని నల్లని రేణువులు. నెత్తుటిలోని ఎర్రని పదార్థాన్ని తిని ఆ జీవి మిగిల్చే మడ్డి అది. ఆ శతాబ్దం ముగియకముందే ఇటలీలో దియొనీసి అనే ఆయన గబ్బిలాల నెత్తుటిలోనూ ఇటువంటి జీవులను చూశాడు.

అయితే పోలిక ఉన్నంతమాత్రాన రెండూ ఒకటేనా? తేల్చే పద్ధతి ఉన్నది. నెత్తుటి బొట్టును గాజుపలకపై పలుచగా పూసి, ఆరబెట్టి, గీమ్సా రంగు వేసి, వెయ్యి రెట్లు పెద్దదిగా చూపే సూక్ష్మదర్శినిలో చూస్తారు. మనిషి మలేరియా జీవి ఎర్రకణంలో కూడా చీలి పిల్లలవుతుంది. ఆ కణాలు పగిలినప్పుడే మనకు చలి, జ్వరం. పండ్లు తినే గబ్బిలాలలో కనబడే హెపటోసిస్టిస్ చీలేది కాలేయంలో. నెత్తుటిలో దాని ఆడ, మగ రూపాలే ఉంటాయి. చిన్న గబ్బిలాలలోని పాలీక్రోమోఫిలస్‌ను మోసేది దోమ కాదు, వాటి బొచ్చులో బతికే రెక్కలులేని ఈగ. కంటికి తేడా తెలియనప్పుడు ఈనాడు డి.ఎన్.ఏ. చదివి జాతి నిర్ణయిస్తున్నారు.

ఈ జీవుల వల్ల మనిషికి మలేరియా వచ్చినట్లు రుజువు లేదు. నిపా సంగతి వేరు, అది వైరసు. అందుకని గబ్బిలాన్ని చేత్తో పట్టరాదు, అది కొరికిన పండు పిల్లలకు పెట్టరాదు. అంతమాత్రానికి చెట్టు కొట్టనక్కరలేదు. పెద్ద గబ్బిలాలు అడవికి విత్తనాలు చల్లుతాయి. చిన్నవి రాత్రి పురుగులను తింటాయి.

చలిజ్వరం భయమున్నవారు మర్రి వంక చూడటం మాని, పెరటిలో నిలిచిన నీళ్లు పారబోయండి. మన శత్రువు పుట్టేది అక్కడ.