అవధానవిద్య – ప్రవాహస్థితి: ఒక విచారము

అవధానసభలో కవి కనబరచు ఏకాగ్రతను ఆధునిక మనస్తత్త్వశాస్త్రము 'ఫ్లో' అని వ్యవహరించు ప్రవాహస్థితితో సమన్వయింపవలెనను ఉత్సాహము సహజమైనదే. ప్రాచీనవిద్యకు నవీనశాస్త్రము సాక్ష్యమిచ్చినచో సంతోషింపని వారుండరు. అయినను, సాదృశ్యము వేరు, అభేదము వేరు. ఈ రెంటిని కలిపివేసినచో అవధానమునకు గాని, శాస్త్రమునకు గాని న్యాయము జరుగదు.

ప్రవాహస్థితి భావనను ప్రతిపాదించినవాడు హంగేరీ సంతతికి చెందిన అమెరికన్ మనస్తత్త్వవేత్త మిహాలీ చిక్సెంట్‌మిహాయి (1934–2021). పర్వతారోహకులు, చదరంగపు ఆటగాండ్రు, శస్త్రవైద్యులు మున్నగువారి అనుభవములను పరిశీలించి ఆయన 1975లో ఒక గ్రంథమును, 1990లో బహుజనాదరము పొందిన మరియొక గ్రంథమును వెలువరించెను. కార్యక్లిష్టతకును కర్తృనైపుణ్యమునకును సమతుల్యము, స్పష్టమైన లక్ష్యము, ఫలితము వెంటనే తెలియుట అనునవి ఈ స్థితికి హేతువులు. ఆత్మస్పృహ సన్నగిల్లుట, కాలస్పృహ మారుట అనునవి లక్షణములు.

మెదడులో దీని మూలమును వివరించుటకు ఆర్నె డైట్రిచ్ 2003లో ఒక ఊహను ప్రతిపాదించి, 2004లో దానిని ప్రవాహస్థితికి అన్వయించెను. ఆత్మపరిశీలనకు ఆధారమైన లలాటభాగపు వ్యాపారము తాత్కాలికముగా మందగించుటచే అభ్యస్తమైన నైపుణ్యము అడ్డులేక సాగునని దాని సారాంశము. చార్లెస్ లింబ్, అలెన్ బ్రాన్ అను పరిశోధకులు 2008లో ప్రకటించిన అధ్యయనము దీనికి కొంత అనుకూలము. జాజ్ సంగీతమును ఆశువుగా వాయించుచున్న వేళ పియానో వాదకుల మెదడులో లలాటపు పార్శ్వభాగముల వ్యాపారము తగ్గి, మధ్యభాగపు వ్యాపారము పెరిగినట్లు కనబడెను. కాని పరీక్షింపబడినవారు ఆరుగురు మాత్రమే. ఇది సూచనయే కాని సిద్ధాంతము కాదు.

ఇక అష్టావధానమును పరిశీలింపవలెను. సమస్య, దత్తపది, వర్ణన, నిషిద్ధాక్షరి మున్నగు అంశములలోని పద్యములు సాధారణముగా నాలుగు ఆవృత్తులలో, ఆవృత్తికొక పాదము చొప్పున సాగును. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు తరువాత రాదగిన అక్షరమును ఊహించి నిషేధించుచుండగా, అవధాని నోటికి వచ్చిన పదమును విడిచి, యతిప్రాసలకు భంగము లేకుండ వేరొక మార్గమును వెదకవలెను. ఇది ప్రవాహము కాదు. అడుగడుగునను ప్రవాహమునకు వేయు ఆనకట్ట. నోటికి వచ్చినదానిని నిగ్రహించుట, పలు విషయములను ఒకేసారి స్మృతిలో నిలుపుట అను పనులలో లలాటపు పార్శ్వభాగములకే ప్రధానపాత్ర కలదు. అవి మందగించినచో నిషిద్ధాక్షరి సాగుట యెట్లు? అప్రస్తుతప్రసంగము ఏర్పడినదే ఏకాగ్రతను చెదరగొట్టుటకు. ఘంటాగణనమున్న సభలలో గంటల సంఖ్యను సైతము మనసున లెక్కించుకొనవలసియుండును.

ఆశుకవిత్వము సంగతి వేరు. ఛందస్సు స్వభావమైపోయిన కవికి గణములను లెక్కించు పని లేదు. భావము పద్యరూపముననే వెలువడును. ఇచట ప్రవాహస్థితితో పోలిక సమంజసము. కావున అవధానము ఒకే మానసికస్థితి కాదనియు, పరస్పరభిన్నములైన స్థితుల మధ్య తడబాటు లేక సంచరించు సామర్థ్యమనియు చెప్పుట యుక్తము. అవధాని గొప్పతనము తన్ను తాను మరచుటలో లేదు. ఎప్పుడు మరువవలెనో, ఎప్పుడు మరువరాదో ఎరుగుటలో ఉన్నది.

పరిభాషాసామ్యము మరియొక భ్రాంతికి కారణము. యోగశాస్త్రమున ధారణ యనగా చిత్తమును ఒక్కచోట నిలుపుట. అవధానమున ధారణ యనగా పద్యములన్నిటిని స్మృతిలో ఉంచుకొని తుదకు వరుసగా అప్పగించుట. అమరకోశము మేధను నిర్వచించుటలో ఆశ్రయించినది ఈ రెండవ అర్థమునే. శబ్దైక్యమును బట్టి అవధానమును యోగాంగమనుట సాహసము.

ధారణ విషయమున ఆశ్రయింపదగిన ఆధారము వేరొకటి కలదు. జేమ్స్ హార్ట్‌జెల్ బృందము 2016లో ప్రకటించిన అధ్యయనమున 21 మంది యజుర్వేద పండితుల మెదడులను, అంతే సంఖ్యగల ఇతరుల మెదడులతో పోల్చి చూచిరి. స్మృతికి సంబంధించిన హిప్పోకాంపస్ మున్నగు భాగముల నిర్మాణములో భేదములు కనబడినవి. అభ్యాసమే వానికి కారణమని నిశ్చయించుటకు ఏకకాలిక పరీక్ష చాలదు. అయినను అవధానులను గూర్చి ఇట్టి పరిశోధనకు ఇది దారి చూపుచున్నది.

ఆ పరిశోధనకు వలయు సామగ్రిని సమకూర్చుట ప్రాచ్యకళాశాలల బాధ్యత. తిరుపతి వేంకటకవుల కాలమునుండియు అవధానపద్యములు ముద్రితములగుచున్నవి గాని, పృచ్ఛకుని ప్రశ్నకును కవి ఉత్తరమునకును మధ్య కాలమెంత, విడిచిన పదమేది, ధారణలో తడబడిన చోటేది అను వివరములు చాలవరకు మిగులలేదు. నేడు సభలను ఆద్యంతము ధ్వనిముద్రణ చేయుట కష్టము కాదు. మెచ్చుకోళ్లతో పాటు జాప్యములను, స్ఖలనములను కూడ తొలగింపక భద్రపరచవలెను. ఛందోబోధనమును గణవిభజనకు, పరీక్షాపత్రమునకు పరిమితము చేయక, తరగతిలో పద్యము చెప్పించుటయు, ధారణ చేయించుటయు నియమముగా సాగవలెను.

అవధానమునకు నాడీశాస్త్రపు యోగ్యతాపత్రము అక్కరలేదు. నాడీశాస్త్రమునకు మాత్రము అవధానము మంచి ప్రశ్నను అందింపగలదు. ఆ ప్రశ్నను సరిగా అడుగగలవారు ఛందస్సును, శాస్త్రమును రెంటిని గౌరవించువారే. అట్టివారిని తయారుచేయునంతవరకే ఈ విద్యకు పాఠశాలలో ప్రాణముండును.