ఛాయిస్‌లో వదిలేసిన పాఠం

ఆదివారం ఆబిడ్స్‌లో షాపుల షట్టర్లు దించి ఉంటాయి, వాటి ముందు పేవ్‌మెంటంతా పాత పుస్తకాలే. గొంతుక్కూర్చుని వెతికితే ఇంటర్ గైడ్లు బయటపడతాయి. వాటిని వాడి అమ్మేసినవాడెవడో ముఖ్యమైన ప్రశ్నలకు మూడేసి నక్షత్రాలు వేసి, కొన్ని పాఠాల మీద అడ్డగీత కొట్టి, పక్కన పెన్సిల్‌తో ‘ఛాయిస్’ అని రాసుకుంటాడు. అలాంటి గైడొకటి చంకన పెట్టుకుని మొజంజాహీ మార్కెట్ దాకా నడిచి, 1935లో కట్టిన ఆ గ్రానైట్ గడియార స్తంభం నీడన ఐస్‌క్రీమ్ తిన్నవాళ్లు మన పాఠకుల్లో చాలామందే ఉన్నారు.

ఆ అడ్డగీత వెనక పక్కా లెక్క ఉంది. ఏళ్ల తరబడి నడిచిన ఇంటర్ ఫిజిక్స్ పేపరే చూడండి. మొత్తం 60 మార్కులు. ఎనిమిది మార్కుల ప్రశ్నలు మూడిస్తే రెండు రాయాల్సి ఉండేది, నాలుగు మార్కులవి ఎనిమిదిస్తే ఆరు. పాసవడానికి 21 సరిపోయేవి. కొన్ని పాఠాల పేజీ తిప్పకపోయినా గట్టెక్కేయగలిగేవాళ్లు. ఇంజినీరింగ్‌కి వచ్చేసరికి ఈ లెక్క ముదురుతుంది. జేఎన్‌టీయూలో 75 శాతం హాజరు ఉండాలి. 65 దాటితే కారణం చూపి, కండొనేషన్ ఫీజు కట్టి బయటపడే దారి ఉంది. ఇక మిగిలింది ప్రిపరేషన్ సెలవులు, రెండు నైటవుట్లు. పోతే సప్లీ ఎటూ ఉంది.

ఈ లెక్కతోనే ఎంఎస్‌కు అమెరికా వచ్చిన కుర్రాణ్ని తొలి సెమిస్టర్ దెబ్బతీస్తుంది.

ఇక్కడ చాలా కోర్సుల్లో వారం వారం హోంవర్కు, క్విజ్, ప్రాజెక్టు, అన్నిటికీ మార్కులు. సెప్టెంబరులో ఛాయిస్‌లో వదిలేసిన పాఠం అక్టోబరు మిడ్‌టర్మ్‌లో ఎదురొస్తుంది, నవంబరు ప్రాజెక్టులో మళ్లీ ఎదురొస్తుంది. ఎంఎస్‌లో గ్రేడ్ల సగటు 3.0 కంటే తగ్గితే సాధారణంగా ప్రొబేషనే. పోనీ కోర్సు వదిలేద్దామంటే ఎఫ్-1 వీసా ఊరుకోదు: ఇంటర్నేషనల్ ఆఫీసు ముందస్తు అనుమతి లేకుండా క్రెడిట్లు పూర్తికాలం లెక్కకు తగ్గకూడదు.

ఆ నైటవుట్ల బట్టీ చేసే మోసం ఏమిటంటే, అది పనిచేస్తున్నట్టే ఉంటుంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు. ఇంకొందరు ఒక్కసారి చదివి, కాగితం పక్కన పెట్టి, గుర్తున్నది మూడుసార్లు రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి: 83 శాతం, 71 శాతం. వారం పోయాక చూస్తే చదివినవాళ్లకు మిగిలింది 40, రాసినవాళ్లకు 61. తెల్లవారితే పరీక్ష ఉన్నవాడికి నైటవుట్ ఎందుకు అంత నమ్మకం కలిగిస్తుందో ఆ మొదటి అంకెలే చెబుతాయి.

ఫెయిలైన ప్రతివాడిదీ చదువులో లోపమే అని అనలేం. మొజంజాహీ మార్కెట్‌కు చేరువలోనే, నాంపల్లిలో, ఇంటర్ బోర్డు విద్యాభవన్ ఉంది. ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయని 2019 ఏప్రిల్‌లో దాని గేటు ముందు తల్లిదండ్రులు రోజుల తరబడి ఆందోళన చేశారు. ఒకమ్మాయికి తెలుగులో 99 మార్కులు వస్తే మెమోలో సున్నా పడింది. ఆ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫెయిల్ అనే మాటకు మన ఇళ్లలో ఉన్న బరువు అది. అందుకే అమెరికా వచ్చిన కుర్రాడు ప్రొబేషన్ ఉత్తరం అందినా ఇంటికి ఫోన్‌లో “బానే ఉంది నాన్నా” అనే అంటాడు. ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కు వెళ్లడానికీ మొహమాటమే. సందేహం అడిగితే తెలివితక్కువవాడు అనుకుంటారని చిన్నప్పటి నుంచీ బెరుకు.

మన తెలుగు సంఘం సభ్యులకు ఒక విన్నపం. ఆగస్టులో కొత్త పిల్లల్ని ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొస్తాం, పరుపులిస్తాం, బిర్యానీ పెడతాం. సెప్టెంబరు రెండో వారంలో ఇంకోసారి భోజనానికి పిలిచి, మొదటి క్విజ్‌లో ఎన్ని వచ్చాయో అడగండి. అప్పటికి సెమిస్టర్‌లో ఇంకా మూడు నెలలు మిగిలే ఉంటాయి.