చేప మేతలో నూనె: ఐఐసీటీ సంచాలకులకు బహిరంగ లేఖ

ఉప్పల్ రోడ్డులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ సంచాలకులకు,

చేప మేతలో కొవ్వు చేసే పనులు ప్రధానంగా రెండు. మొదటిది శక్తినివ్వడం. గ్రాము మాంసకృత్తులు 4 కిలోకాలరీలిస్తే గ్రాము కొవ్వు 9 ఇస్తుంది. శక్తి నూనె నుంచి అందితే ఖరీదైన మాంసకృత్తులు కండ పట్టడానికి మిగులుతాయి. రెండోది, చేప తనంతట తాను తయారు చేసుకోలేని కొవ్వు ఆమ్లాలను అందించడం. కార్ప్ జాతి చేపల మేతలో లినోలిక్, లినోలెనిక్ ఆమ్లాలు చెరో 1 శాతం దాకా ఉండాలి. అవి తగ్గితే ఎదుగుదల మందగిస్తుంది.

ఉప్పల్, నాచారం చేపల దుకాణాల్లో తూచి ఇచ్చే బొచ్చె, శీలావతి పెంపకపు చేపలే. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో వీటికి ప్రధానమైన మేత డీఓబీ, అంటే నూనె తీసిన తవుడు. చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి చెరువులో వేలాడదీస్తారు, చేపలు పొడుచుకు తింటాయి. పచ్చి తవుడులో 15 నుంచి 20 శాతం నూనె ఉంటే, డీఓబీలో మిగిలేది 1 శాతం అటూ ఇటూ. దానికి వేరుశనగ చెక్క, పత్తి చెక్క కలుపుతారు. వాటి నూనెలో లినోలిక్ ఆమ్లం బాగానే ఉంటుంది కానీ లినోలెనిక్ ఆమ్లం దాదాపు ఉండదు. ఆ లోటు తీర్చేది చెరువు నీటిలోని ప్లవకాలు. చేప పిల్లలను కిక్కిరిసేలా వదిలిన చెరువులో ప్లవకాల వాటా పలచబడి, భారమంతా మేత మీదే పడుతుంది. అక్కడ కొద్దిపాటి అవిసె నూనె పనికొస్తుంది, అందులో సగానికి పైగా లినోలెనిక్ ఆమ్లమే.

అలాగని నూనె ఎంత పోస్తే అంత లాభమనుకోవడం తప్పు. మోతాదు మించితే చేప బరువు తూగుతుంది కానీ, కోసి చూస్తే పేగుల చుట్టూ తెల్లటి కొవ్వు గడ్డకట్టి, కాలేయం పాలిపోయి ఉంటుంది. ఆ బరువు కండ కాదు, కొన్నవాడికి దక్కదు.

అన్నింటికన్నా పెద్ద ప్రమాదం ముక్కిన నూనె. మిల్లులో బియ్యం తెల్లబడిన గంటల్లోనే తవుడులోని ఎంజైము నూనెను విడగొట్టడం మొదలుపెడుతుంది. ఆపై గాలి, వేడి తగిలి పెరాక్సైడ్లు పుడతాయి. అవి మేతలోని ఇ విటమిన్‌ను హరిస్తాయి. జపాన్‌లో నూనె ముక్కిన పట్టుపురుగు ప్యూపాలు తిన్న కార్ప్ చేపల వీపు కండ కరిగిపోయింది. ఆ జబ్బును అక్కడ సెకోకె అన్నారు. ఇ విటమిన్ చేర్చి దాన్ని నివారించారు.

ఫీడు బస్తా మీద ప్రోటీన్, కొవ్వు, పీచు, తేమ శాతాలు అచ్చేస్తారు. ఆ కొవ్వు ఏ నూనెదో, ఎంత తాజాదో రైతుకు తెలియదు. డబ్బు పెట్టి కొనేవాడికి ఇది అన్యాయం. తవుడు నూనెలోని జిగురును ఎంజైములతో తొలగించే పద్ధతిని రూపొందించిన సంస్థకు ఈ లోటు తీర్చడం తలకు మించిన పని కాదు. చెరువు గట్టు మీదే పెరాక్సైడు తెలిపే చౌక పరీక్షా పట్టీని తయారు చేసి, నాచారం పారిశ్రామికవాడలోని చిన్న యూనిట్లకు ఉత్పత్తి అప్పగించవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో దొరికే చెక్కలు, తవుళ్ల కొవ్వు ఆమ్లాల పట్టికను తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థతో కలిసి తెలుగులో ప్రచురించవచ్చు. పెరాక్సైడు విలువ బస్తా మీద ఉండాలని హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ మత్స్య అభివృద్ధి మండలికి సంస్థ సిఫారసు చేయాలి. గోదాముల్లో మేత ఎక్కువగా చెడేది ఎండాకాలంలోనే కనుక, పరీక్షా పట్టీ మార్చికి ముందే రైతు చేతికి అందాలి.