పోరాటపు టాటలను నేర్పు వీడియో పాఠములు

విద్య నేర్చినవాని కన్నులకు తోచు మార్గము వేఱు. నేర్వబోవువాని పాదములకు వలయు మార్గము వేఱు. ఈ రెంటికిని గల భేదమును మఱచిన ఉపాధ్యాయుడు ఎంతటి పండితుడైనను శిష్యుని ముందునకు గొనిపోజాలడు. గణితమునకును, సంగీతమునకును ఈ న్యాయ మెట్లు వర్తించునో, నేటి బాలురు మక్కువతో నాడు పోరాటపు టాటలకును అట్లే వర్తించును. ఆటయే గదా యని దీనిని తేలికగా చూడరాదు. ఆటను నేర్పుటయు నేర్పుటయే. అందు జరుగు పొరపాటులు తరగతి గదిలో జరుగు పొరపాటులవంటివే.

ఈ యాటల నెఱుగని పెద్దల కొఱకు ముందుగా రెండు మాటలు చెప్పవలసి యున్నది. తెఱపై ఇద్దఱు ఆటగాండ్రు చెఱియొక పాత్రను నడపుచు, గుద్దులతోను, తన్నులతోను, పట్టులతోను ఒకరి బలము నొకరు హరించు ఆటలకు ఫైటింగు గేములని పేరు. 1987లో జపాను దేశపు కాప్కామ్ సంస్థవారు స్ట్రీట్ ఫైటర్ అను ఆటను వెలువరించిరి. 1991లో వెలువడిన దాని రెండవ భాగము లోకమంతట వ్యాపించెను. 1994లో నామ్కో సంస్థవారి టెక్కెన్ వచ్చెను. ఈ రెండు పేళ్లతోను క్రొత్త భాగములు నేటికిని వెలువడుచునే యున్నవి.

పూర్వము ఈ యాటలను నేర్చుకొనుటకు ఆటయంత్రము లుంచిన యంగడికి పోవలసి యుండెను. అచ్చట యంత్రము చుట్టును పలువురు నిలిచి చూచువారు. ఓడినవాడు ప్రక్కకు తొలగి, గెలిచినవాని చేతి కదలికలను కనిపెట్టెడివాడు. “తమ్ముడూ, నీవు ఊరక దూకుచున్నావు, అందుచేతనే దెబ్బ తినుచున్నావు” అని పెద్దవాడొకడు చెప్పినచో, ఆ యొక్క మాటతోనే వాని యాట మారెడిది. నేడట్లు కాదు. గుంటూరులోనో వరంగల్లులోనో ఒక బాలుడు తన యింట నొంటరిగా కూర్చుండి, ముఖ మెఱుగని ప్రత్యర్థితో ఇంటర్నెట్టు ద్వారా పోరాడును. అరగంటలో పదిమార్లు ఓడును. ఏల ఓడెనో చెప్పువారు లేరు. అప్పుడు వాడు వీడియో పాఠముల నాశ్రయించును. వానికి గురువును, అన్నయు, తోటియాటగాడును ఆ వీడియోలే. కావుననే వానిని చేయువారి బాధ్యత గొప్పదని నా యభిప్రాయము.

ఇట్టి పాఠములు లెక్కకు మిక్కిలిగా నున్నవి. అందు మేలైనవియు లేకపోలేదు. కోర్-ఏ గేమింగ్ అను వీడియో వరుసలో, చేతికి దొరకిన మీటలనెల్ల తోచినట్లు నొక్కువాడు ఏల గెలువజాలడో తెలుపు పాఠ మొకటి కలదు. ఆట నెఱుగని పెద్దలకు సైతము అది బోధపడును. కాని పెక్కు పాఠముల వరుస మాత్రము తలక్రిందుగా నున్నది. మొదటి దినముననే అవి కాంబోలను నేర్ప మొదలిడుచున్నవి.

కాంబో యనగా దెబ్బవెంట దెబ్బగా, మొదటిది తగిలిన పిమ్మట ప్రత్యర్థి కాచుకొనుటకు వీలులేకుండ సాగు వరుస. స్ట్రీట్ ఫైటర్ రెండవ భాగమును నిర్మించినవారు మొదట దీని నుద్దేశింపలేదు. ఆటలోని కాలక్రమమువలన దానంతట అదియే యేర్పడగా, వారు దానిని తొలగింపక విడిచిపెట్టిరి. క్రమముగా ఆటలకెల్ల అదియే యలంకార మయ్యెను. చూచుటకు సొంపుగా నుండును గనుక చూపువారికి ఉత్సాహము. చేసినచో ఘనముగా నుండును గనుక చూచువారికి ఆశ. కాని మొదటి దెబ్బ తగిలినప్పుడు గదా రెండవదానికి ప్రసక్తి! మొదటి దెబ్బనే తగిలింప నేరనివానికి పండ్రెండు దెబ్బల వరుసను నేర్పుట, అక్షరములు రానివానిచే సమాసములు వల్లె వేయించుటవంటిది.

ఈ పొరపాటునకు మూల మెచ్చటనో చూడుడు. 2004లో అమెరికాలోని కాలిఫోర్నియాయందు ఈవో యను గొప్ప పోటీ జరిగెను. అందు జపాను ఆటగాడు దైగో ఉమెహారా నడపిన పాత్ర ప్రాణము వెండ్రుకవాసిలో నిలిచి యుండెను. సామాన్యముగా కాచుకొన్నను ఆ కొంచెము బలమును నశించి యుండెడిది. ప్రత్యర్థి జస్టిన్ వాంగ్ ఒక్క బిగిని 15 తన్నులు తన్నెను. ఉమెహారా ప్రతి తన్నును అది తగులు క్షణమున మీటను ముందునకు త్రోసి త్రిప్పికొట్టి, వెంటనే ఎదురుదెబ్బ తీసి ఆ యాట గెలిచెను. ఆ దృశ్యమును చూచి ఈ యాటలవైపునకు వచ్చిన బాలురు అనేకులు. కాని ఆ పోటీ తుదియాటలో ఉమెహారా ఓడెనన్న సంగతి వారిలో ఎందఱో యెఱుగరు. పదునైదు తన్నులను త్రిప్పికొట్టిన యా చేతులకు వెనుక, ఏండ్లతరబడి సాగిన చిన్న చిన్న యభ్యాసము లుండెను. దృశ్యమున కనబడునది ఫలము. పాఠమున చెప్పవలసినది వేరు.

అట్లయిన మొదట నేర్పవలసిన దేమి? చూపు, అనగా తన పాత్రనుండి కన్ను మరల్చి ప్రత్యర్థిని చూచుట. ప్రారంభకుడు తన పాత్రనే చూచుచు, తన మీటలనే తలచుచుండును. ఎదుటివాడేమి చేయుచున్నాడో వాడు చూడడు. ఈ యలవాటు మాన్పించినప్పుడే తక్కిన విద్య కంటును.

దీనికి లెక్క యొకటి కలదు. ఈ యాటలు సెకనుకు 60 చిత్రముల చొప్పున నడచును. ఒక్కొక్క చిత్రమును ఫ్రేము అందురు. 2023లో వెలువడిన స్ట్రీట్ ఫైటర్ 6లో పెక్కు పాత్రల చిన్న గుద్దు 4 ఫ్రేములలో తగులును. కంటితో చూచి వ్రేలు కదల్చుటకు మనుష్యునకు సుమారు సెకనులో అయిదవ వంతు మొదలు నాలుగవ వంతు వఱకు, అనగా 12 మొదలు 15 ఫ్రేములు పట్టును. కాబట్టి చిన్న గుద్దును చూచి కాచుకొనుట ఎవ్వరికిని సాధ్యము కాదు. ముందుగనే కాచుకొని యుండవలయును. కాని ప్రత్యర్థి గాలిలోనికి దూకి క్రిందికి వచ్చుటకు 40 ఫ్రేములకు పైగా పట్టును. దీనిని చూచి, నిదానించి, దెబ్బ తీయవచ్చును. చూచి చేయదగిన పని యేది, ముందుగ నూహింపవలసిన పని యేది యను ఈ వివేకము కలిగినవాడు పది కాంబోలు నేర్చినవానికంటె ముందునకు పోవును.

నా యభిప్రాయమున తొలి పాఠముల వరుస ఇట్లుండవలయును. మొదటిది, ఎదుటివానికి ఎంత దూరమున నిలువవలయును, ఎట్లు కాచుకొనవలయును అనునది. స్ట్రీట్ ఫైటర్‌లో వెనుకకు త్రోసినచో కాపు. కాళ్లకు తగులు దెబ్బకు కూర్చుండి కాచుకొనవలయును, దూకుచు కొట్టు దెబ్బకు నిలుచుండి కాచుకొనవలయును. రెండవది, దూకి వచ్చువానిని కొట్టి పడవేయుట. మూడవది, కాపు దెబ్బను గెలుచును, పట్టు కాపును గెలుచును, దెబ్బ పట్టును గెలుచును అను త్రికోణ న్యాయము. నాలుగవది, రెండు మూడు దెబ్బల చిన్న కాంబో ఒక్కటి మాత్రమే. అయిదవది, ఓడిన యాటను మరల చూచి, ఓటమికి కారణ మొక్కటి కనిపెట్టుట.

మన సంగీతవిద్యలో ఈ క్రమము నెఱుగనివా రెవరు? బాలునిచే మొదట సరళీ వరుసలు, పిమ్మట జంట వరుసలు, అలంకారములు, గీతములు పాడింతురు, కృతులు ఆవల. ఈ క్రమమును పురందరదాసు ఏర్పఱచెనని పెద్దలు చెప్పుదురు. చదరంగమునందును అంతే. జగజ్జేత కాపాబ్లాంకా 1921లో ప్రకటించిన గ్రంథమును ప్రారంభపు టెత్తులతో మొదలుపెట్టక, బలగము తఱిగిన పిమ్మట రాజును కట్టుటతో మొదలుపెట్టెను. ఏలయన, కొలది పావులతో ఒక్కొక్క పావు బలమును తెలిసికొనినవానికే నిండు బలగము నడపుట చేతనగును.

ఇచ్చట నొక యాక్షేపణము రాగలదు. “కాపు, దూరము, నిలుకడ అని చెప్పుచు కూర్చున్నచో బాలుడు విసుగుజెంది పోవును, వానికి కావలసినది ఉత్సాహము” అని కొందఱందురు. ఈ మాటలో సత్యము లేకపోలేదు. మీటను క్రిందికిని, మూలకును, ముందునకును త్రిప్పి గుద్దునొక్కినగాని రాని విద్యలు ఈ యాటలలో కలవు. వ్రేళ్లు తిరుగక వారములతరబడి నిలిచిపోయినవారును కలరు. స్ట్రీట్ ఫైటర్ 6లో మోడర్న్ అను పద్ధతి నేర్పఱచి, ఒక్క మీటతోనే యా విద్యలు వచ్చునట్లు చేసిరి. అందులకు బదులుగ అట్లు చేసిన దెబ్బ బలమును నూటికి 80 వంతులకు తగ్గించిరి. ఇది మంచి యేర్పాటు. చేతికి సులువు చేసి, మనస్సును చూపుపై నిలుపుటకు అవకాశ మిచ్చినది. కొందఱు పాత యాటగాండ్రు దీనిని చిన్నచూపు చూచుట తగదు. వాకిటి మెట్టు తగ్గించినంత మాత్రమున ఇంటి గౌరవము తగ్గదు.

మఱియు, మూలపాఠములు విసుగు పుట్టించునది వాని స్వభావమువలన గాక, వానిని చెప్పు విధమువలన. “కాచుకొనుడు” అని ఉపన్యసించినచో విసుగు తప్పదు. “నేటి పది యాటలలో దూకి వచ్చినవానిని ఎన్నిమార్లు కొట్టితివో లెక్క వ్రాసికొనుము, గెలుపోటములను లెక్కింపకుము” అని చెప్పినచో, ఓడినవానికిని ఆ దినమున నొక జయము దొరకును. నిన్న రెండు, నేడు నాలుగు. ఈ చిన్న లెక్క బాలుని నిలుపును. పది యాటలు ఓడి, ఏల ఓడెనో తెలియనివాడే విడిచిపోవును.

వీడియో పాఠమునకు స్వభావసిద్ధమైన లోప మొకటి కలదు. అది చూపును గాని చూడదు. తరగతిలో ఉపాధ్యాయుడు బాలుని ముఖమును చూచి, బోధపడలేదని గ్రహించి, మరల చెప్పును. వీడియోకు ఆ కన్ను లేదు. కావున ప్రతి పాఠమును కొలదిపాటి పనితో ముగియవలయును. ఆ పని చేసితినో లేదో బాలుడు తానే తెలిసికొనునట్లు ఉండవలయును. నేర్పువాడు తన విజయములనే గాక, ప్రారంభకులు సహజముగ చేయు తప్పులను సైతము ఆడి చూపవలయును. నేటి యాటలలో ఆడినదానిని మరల చూచుటకు వీలున్నది. 2024లో వెలువడిన టెక్కెన్ 8లోనైతే, జరిగిన యాటను మరల చూచుచు, నడుమ ఆపి, ఆ ఘట్టమునుండి తానే నడపి చూచుకొనవచ్చును. వ్రాతపరీక్షలో తప్పిన లెక్కను మరల చేయించుటవంటి దిది. దీనిని వినియోగింపని పాఠముల వరుస సగము పాఠమే.

తోటివాడు లేని యభ్యాసమును పూర్ణము కాదు. 2019లో లాహోరు నగరవాసి అర్స్లాన్ ఆష్ జపానులోను, అమెరికాలోను జరిగిన ఈవో పోటీలు రెంటను టెక్కెన్ 7లో గెలిచి లోకమును విస్మయపఱచెను. తన దేశమున తనకు దీటైన ఆటగాండ్రు పలువు రున్నారని అతడు చెప్పగా, కొరియా దేశపు ప్రసిద్ధ ఆటగాడొకడు వారిని వెదకుకొనుచు పాకిస్తానుకు పోయెను. వారు పేరుమోసిన పోటీలకు దూరముగ నుండియు, ఒకరితో నొకరు ప్రతిదినమును ఆడియే ఆ నేర్పు గడించిరి. వీడియో దారి చూపును, నడిపించునది తోటివాడే. కావున ప్రతి వీడియో వరుసయు “ఇప్పుడు తెఱ కట్టివేసి, నీయంతటివానితో ఆడుము” అని చెప్పగలిగి యుండవలయును.

తలిదండ్రులకు మనవి. ఈ యాటలన్నియు ఒక్క తీరువి కావు. 1992లో వెలువడిన మోర్టల్ కోంబాట్‌లోని క్రూరదృశ్యములు అమెరికాలో గొప్ప అలజడి పుట్టింపగా, ఆటలకు వయఃక్రమమున గుఱుతు లిచ్చు సంస్థ 1994లో అచ్చట ఏర్పడెను. ఆ గుఱుతు చూడక పిల్లల చేతికి ఆట నీయరాదు. కాలనియమమును ఉండవలయును, గంట యభ్యాసముచే రానిది అలసిన కన్నులతో నాలుగు గంటలు ఆడిన రాదు. అట్లని అన్నిటిని ఒక్కమారుగ తెగడుటయు న్యాయము కాదు. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో స్ట్రీట్ ఫైటర్ 5 ఆటకు పతకము లుండెను. స్వర్ణపతకము గెలిచిన కొరియా వాసి కిమ్ గ్వాన్‌వూకు 44 ఏండ్లు. తమకంటె చాల చిన్నవారు పాల్గొన్న క్రీడలలో ఆ వయస్సువాడు గెలిచినది వ్రేళ్ల వేగముచేతనే కాదని గ్రహింపదగును.

విద్యార్థులారా! మీలో పలువురు ఈ యాటలయందు నేర్పరులు. కొందఱు వీడియోలు చేయుచును ఉండవచ్చును. మీ తమ్ముడో చెల్లెలో మొదటిసారి ఆటకోల చేతబట్టి మీయొద్ద కూర్చుండినప్పుడు, మీ కత్యంత ప్రియమైన కాంబోను చూపవలెనని మనస్సు ఉవ్విళ్లూరును. ఒక్క నిమిషము ఆగుడు. వారికి ఇప్పుడు వలయున దేమో చూడుడు. ఒక్కమారు దూకి కొట్టి, వారు దానిని ఆపుట నేర్చువఱకు మరల మరల దూకుడు. వారు మిమ్ము పడగొట్టిన దినమున మీ పాఠము ఫలించినదని తెలిసికొనుడు.